జ్యేష్ఠం కింద ఠ ఒత్తు ఎక్కడికి పోయింది? టేబుల్ వ్యూ హెడర్లతో నా అనుభవం

మాది పంచాంగం యాప్. ఐఫోన్ వెర్షన్‌లో టేబుల్ వ్యూ, అంటే వరుసల జాబితా చూపించే తెర భాగం, వాడాం. అందులో నెలకో సెక్షన్ ఉంటుంది. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా పన్నెండు, అధిక మాసం వచ్చిన ఏడాది పదమూడు. ప్రతి సెక్షన్ పైన ఒక హెడర్. ఎడమవైపు నెల పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్ తేదీలు, కుడివైపు ఒక బాణం. బాణం నొక్కితే ఆ నెల తిథులూ పండగలూ మూసుకుంటాయి, మళ్లీ నొక్కితే తెరుచుకుంటాయి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఈ హెడర్లు నా చేత చేయించినంత పని ఆ యాప్‌లో మరేదీ చేయించలేదు.

కోడ్ ఐఓఎస్ 11 రోజుల్లో మొదలైంది. ఆ తర్వాత చాలామంది చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. పరాభవ నామ సంవత్సరం, అంటే 2026 మార్చి 19 ఉగాది నుంచి మొదలయ్యే ఏడాది డేటా ఎక్కించి, కొత్త ఎక్స్‌కోడ్‌తో (ఐఫోన్ యాప్‌లు రాసే యాపిల్ సాఫ్ట్‌వేర్) బిల్డ్ చేసి, పరీక్షించేవాళ్లకు పంపాం. అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు.

ప్రతి నెల హెడర్ పైన ఒక ఖాళీ పట్టీ వస్తోందని ఒకరు. నెల తెరిస్తే హెడరే మాయమవుతోందని ఇంకొకరు. శ్రావణం నొక్కితే భాద్రపదం కూడా మూసుకుంటోందని మరొకరు, అదీ ఎప్పుడూ కాదు, కాసేపు కిందికీ పైకీ జరిపాకే. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కదిలించింది మా పంచాంగం లెక్కలు చూసే సిద్ధాంతి గారి ఫోన్.

"బాబూ, జ్యేష్ఠంలో ఠ ఒత్తు కనపడట్లేదు. జ్యేషం అని పడుతోంది. పంచాంగంలో అక్షరం తప్పుపోతే ఎవరైనా నమ్ముతారా?"

"చూస్తానండీ. మీ ఫోన్‌లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్నారా?"

"పెట్టుకోక ఏం చేస్తాను నాయనా, కళ్లు ఆనడం లేదు."

ఆయన చెప్పిన మాట నిజం. పంచాంగం చూసేవాళ్లలో చాలామంది పెద్దవాళ్లు. అక్షరాలు పెద్దవిగా పెట్టుకునేదీ వాళ్లే. వాళ్ల ఫోన్‌లో సరిగ్గా కనపడకపోతే మిగతా ఫోన్లలో ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

ఫిర్యాదులు ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించాయి. వాటి వెంట పడి కోడ్ అంతా చదివాక నాకు అర్థమైంది ఇదీ: పాత కోడ్ మొత్తం హెడర్‌ని మన సొంత వ్యూ (తెర మీద కనిపించే ఒక ముక్క) లాగా చూసింది. తయారు చేశాం, పెట్టాం, అది అక్కడే ఉంటుంది అన్నట్టు. నిజానికి హెడర్ మీద పెత్తనం టేబుల్ వ్యూది. దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎంత వెడల్పు ఇవ్వాలి, ఎంత ఎత్తు ఇవ్వాలి, ఎప్పుడు తీసేయాలి, తీసినదాన్ని ఏ నెలకు మళ్లీ వాడాలి, అన్నీ అదే నిర్ణయిస్తుంది. మనం చేసేదల్లా అడిగినప్పుడు ఒక వ్యూ ఇవ్వడం. అందుకే ఆ తర్వాత ఏ తేడా కనిపించినా ముందు ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది నా వ్యూ చేసిందా, టేబుల్ చేసిందా?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవి రంగులు. హెడర్ వెనక ఎరుపు, దాని లోపలి కంటెంట్ వ్యూకి పసుపు, నెల పేరు లేబుల్‌కి ఆకుపచ్చ, టేబుల్‌కే నీలం పూశాను. యాప్ నడిపి చూస్తే ఖాళీ పట్టీ నీలంగా ఉంది. అంటే అది హెడర్ లోపలి ఖాళీ కాదు, హెడర్ బయట టేబుల్ వదిలిన చోటు. మా లేఅవుట్ కన్‌స్ట్రెయింట్లలో (ఏది ఎక్కడ, ఎంత ఎడంలో ఉండాలో చెప్పే నియమాల్లో) ఎన్ని అంకెలు మార్చినా అది పోదు. ఎక్స్‌కోడ్‌లో వ్యూ హైరార్కీ డిబగ్గర్ తెరిచి పక్కకి తిప్పి చూసినా అదే తేలింది. పై నెల చివరి వరుసకూ ఈ నెల హెడర్‌కూ మధ్య 22 పాయింట్ల ఎడం ఉంది, ఆ ఎడంలో ఏ వ్యూ లేదు.

కారణం దొరకడం తేలికే అయింది. ఐఓఎస్ 15 నుంచి టేబుల్ వ్యూకి 'సెక్షన్ హెడర్ టాప్ పాడింగ్' అనే కొత్త ప్రాపర్టీ వచ్చింది. మనం ఏమీ చెప్పకపోతే సిస్టమే ప్రతి సెక్షన్ హెడర్ పైన కొంత ఖాళీ వదులుతుంది. పాత ఎక్స్‌కోడ్‌తో బిల్డ్ చేసినంత కాలం మాకు ఇది తగల్లేదు. ఐఓఎస్ 15 ఉందో లేదో చూసుకుని ఆ ప్రాపర్టీకి సున్నా ఇస్తే పట్టీ పోయింది. కొంతమంది దీన్ని యాప్ మొదలయ్యేచోట టేబుల్ వ్యూ అప్పియరెన్స్ మీద ఒకేసారి పెట్టేస్తారు. నేను పెట్టలేదు. మా సెట్టింగ్స్ తెరలో ఆ ఖాళీ ఉంటేనే బాగుంది. ఏ టేబుల్‌కి కావాలో దానికే ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

తర్వాత మాయమయ్యే హెడర్ సంగతి. పాత కోడ్‌లో హెడర్‌ని స్టోరీబోర్డులో (తెరలు గీసుకునే ఫైలు) ప్రోటోటైప్ సెల్‌గా, అంటే వరుసకు వాడే నమూనా వ్యూగా, గీశారు. 'వ్యూ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' అడిగినప్పుడు వరుసలకు తెచ్చినట్టే ఒక సెల్ తెచ్చి, దాన్నే హెడర్‌గా ఇచ్చేస్తున్నారు. ఒకప్పుడు ఈ పద్ధతి చాలా చోట్ల కనిపించేది. స్టోరీబోర్డులోనే చక్కగా గీసుకోవచ్చు, వేరే ఫైలు అక్కర్లేదు, పైకి పని చేస్తున్నట్టే ఉంటుంది. చిక్కు వరుసలు కదిలినప్పుడు వస్తుంది. టేబుల్ వ్యూ తన సెల్స్ అన్నీ ఏదో ఒక వరుసకు చెందినవే అనుకుంటుంది. హెడర్‌గా కూర్చున్న సెల్‌కి వరుస నంబర్ ఉండదు. నెల తెరిచినప్పుడు వరుసలు చేరతాయి, ఆ యానిమేషన్‌లో టేబుల్ ఈ సెల్‌ని కూడా తన లెక్కలోకి లాగుతుంది. ఒక్కోసారి దాచేస్తుంది, ఒక్కోసారి వరుసలతో పాటు జరుపుతుంది. ఎక్స్‌కోడ్ సందేశాలు చూపించే కన్సోల్‌లో మాత్రం తిరిగి వాడుతున్న సెల్‌కి ఇండెక్స్ పాత్ (వరుస చిరునామా) లేదని ఒక చిన్న లైను పడుతుంది. వందల లైన్ల మధ్య దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

సెల్ ఇవ్వకుండా సెల్ లోపలి కంటెంట్ వ్యూ మాత్రమే ఇస్తే సరిపోతుందని ఒక చిట్కా తిరుగుతూ ఉంటుంది. పెట్టి చూశాను. మాయమవడం తగ్గింది కానీ అసలు సమస్య అలాగే ఉంది. కంటెంట్ వ్యూ మన దగ్గరుంటుంది, దాని యజమాని సెల్‌ని ఎవరూ పట్టుకుని ఉండరు. ఆ సెల్ మెమరీలోంచి పోతే బాణం నొక్కినా పలికేవాళ్లు ఉండరు. అది అతుకే గానీ మందు కాదు.

సరైన దారి ఐఓఎస్ 6 నుంచీ ఉంది: యూఐ టేబుల్ వ్యూ హెడర్ ఫుటర్ వ్యూ. దాని నుంచి మన క్లాసు రాసుకోవాలి, టేబుల్‌లో రిజిస్టర్ చేయాలి, అడిగినప్పుడు 'డీక్యూ రీయూజబుల్ హెడర్ ఫుటర్ వ్యూ'తో తెచ్చుకోవాలి. దీనికి ఇంటర్‌ఫేస్ బిల్డర్ వస్తువుల పట్టికలో విడిగా ఏమీ ఉండదు. మామూలు వ్యూ ఒకటి పెట్టి క్లాసు పేరు మార్చుకోవాలి. అలా చేస్తే లేబుళ్లు కంటెంట్ వ్యూలోకి పోకుండా నేరుగా హెడర్ మీద కూర్చుంటాయి. ఈ ఇబ్బంది వద్దనుకుని నేను జిబ్ ఫైలు (ఒక్క వ్యూని గీసుకునే ఫైలు) లేకుండా మొత్తం కోడ్‌లోనే రాశాను. రెండు లేబుళ్లు, ఒక బటన్. దానికి జిబ్ అవసరం కూడా లేదు.

క్లాసు మార్చి నడపగానే కన్సోల్‌లో కొత్త హెచ్చరిక. హెడర్ ఫుటర్ వ్యూకి నేరుగా బ్యాక్‌గ్రౌండ్ కలర్ ఇవ్వడం వాడుకలోంచి తీసేశాం, బ్యాక్‌గ్రౌండ్ వ్యూకి ఇవ్వండి అని దాని సారాంశం. మా పసుపు కుంకుమల రంగు అందుకే పోయింది, హెడర్లు తెల్లబోయి కనిపించాయి. మా టేబుల్ ప్లెయిన్ స్టైల్. ఆ స్టైల్‌లో జరుపుతున్నప్పుడు హెడర్ పైన అతుక్కుని ఉంటుంది, వరుసలు దాని వెనక నుంచి వెళ్తాయి. గ్రూప్డ్ స్టైల్‌లో అయితే హెడర్ కూడా వరుసలతో పాటే పైకి పోతుంది. వెనక రంగు సరిగ్గా పడకపోతే ప్లెయిన్‌లో ఏకాదశి వరుస మీద 'ఆషాఢ మాసం' అచ్చు పడ్డట్టు కనిపిస్తుంది, రెండూ చదవలేం. ఐఓఎస్ 14 నుంచి బ్యాక్‌గ్రౌండ్ కాన్ఫిగరేషన్ ఉంది, రంగు అక్కడ ఇచ్చాను. పాత ఫోన్లకు ఒక ఖాళీ వ్యూకి రంగు పూసి బ్యాక్‌గ్రౌండ్ వ్యూగా పెట్టాను.

ఇక సిద్ధాంతి గారి ఠ ఒత్తు. నిజం చెప్పాలంటే నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే, పెట్టడం న్యాయం కూడా.

జ్యేష్ఠం అన్న మాటను ఫోన్ తెర మీద బాగా పెద్దది చేసి చూడండి. మొదటి అక్షరంలో జ మీద ఏత్వం పైకి లేస్తుంది, య ఒత్తు కిందికి దిగి కుడివైపు తిరుగుతుంది. రెండో అక్షరంలో ష కింద ఠ ఒత్తు పూర్తిగా గీత కింద కూర్చుంటుంది. అంటే ఒకే మాట పైకీ కిందికీ చోటు అడుగుతోంది. చైత్రం, వైశాఖంలో ఐత్వానికి కింద కూడా ఒక ముక్క ఉంటుంది. చైత్రంలో దాని పక్కనే ర ఒత్తు. కార్తీకంలో ర కింద త ఒత్తు, పైన గుడి దీర్ఘం. ఇంగ్లిష్ నెలల పేర్లకు సరిపోయిన ఎత్తు వీటికి సరిపోదు. మే, జూన్ అని రాసుకుంటే ఎప్పటికీ బయటపడని లోపం జ్యేష్ఠం దగ్గర బయటపడుతుంది.

పాత కోడ్‌లో 'హైట్ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' అడిగినప్పుడు 44 అని అంకె ఇస్తున్నారు. లోపల నెల పేరు లేబుల్‌కి 20 పాయింట్ల ఎత్తు బిగించారు. లేబుల్ ఉన్న డబ్బాకి అంచులు దాటితే కత్తిరించమని ఇంకో సెట్టింగ్. అక్షరాలు మామూలు సైజులో ఉన్నప్పుడు ఒత్తు అంచుకి తగిలీ తగలనట్టు ఆగింది. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయగానే ఒత్తు సగానికి పైగా తెగిపోయింది. ఒత్తు పోతే మిగిలేది వేరే మాట. జ్యేష్ఠం జ్యేషమవుతుంది. ఇంగ్లిష్‌లో జీ అక్షరం తోక తెగితే అది జీ అని ఇంకా తెలుస్తుంది. మనకు ఆ వెసులుబాటు లేదు. అందుకే తెలుగు యాప్‌లో ఏ శీర్షికకైనా ఎత్తు అంకె బిగించడం అసలు చేయకూడని పని అని గట్టిగా అంటాను.

పైగా ఈ ఏడాది జ్యేష్ఠమే అధిక మాసం. 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు యాప్‌లో అది ఎలా కనిపించిందో నాకు తెలియదు గానీ, ఈసారి 'అధిక జ్యేష్ఠ మాసం' అన్న శీర్షిక పెద్ద అక్షరాల్లో ఒక వరుసలో పట్టలేదు. ఒత్తులతో పాటు చివరి మాట కూడా పోయి మూడు చుక్కలు మిగిలాయి. అధికమో నిజమో తెలియకపోతే ఆ నెలలో శుభకార్యం పెట్టుకోవచ్చో లేదో తెలియదు. అది పంచాంగంలో చిన్న విషయం కాదు.

కాబట్టి హెడర్ తన ఎత్తు తానే చెప్పుకోవాలి. దానికి మూడు పనులు కలిసి జరగాలి, ఒకటి తప్పినా మిగతావి పని చేయవు. ఎత్తు అడిగినప్పుడు 'ఆటోమేటిక్ డైమెన్షన్' ఇవ్వాలి. 'ఎస్టిమేటెడ్ సెక్షన్ హెడర్ హైట్' సున్నా కాకుండా ఉండాలి. లోపలి లేబుళ్లు కంటెంట్ వ్యూ పై అంచు నుంచి కింది అంచు దాకా మధ్యలో తెగకుండా కన్‌స్ట్రెయింట్లతో ముడిపడి ఉండాలి. పై లేబుల్ పైకి, కింది లేబుల్ కిందికి, రెండూ ఒకదానికొకటి. లేబుల్‌కి వరుసల సంఖ్య సున్నా ఇస్తే ఎన్ని వరుసలైనా తీసుకుంటుంది.

ఇందులో రెండోది మాకు కాసేపు చిక్కు పెట్టింది. ఐఓఎస్ 11 నుంచి ఈ అంచనా ఎత్తు తనంతట తానే ఆటోమేటిక్‌గా ఉంటుంది. కానీ పాత కోడ్‌లో ఎవరో దాన్ని సున్నా చేసి పెట్టారు. ఐఓఎస్ 11 వచ్చినప్పుడు చాలామంది అలా చేశారు, ఎందుకంటే అంచనా ఎత్తులు మొదలయ్యాక జరిపేటప్పుడు తెర ఎగిరిపడేది. అప్పటికి అది సరైన మందే. ఇప్పుడు ఆ సున్నా వల్ల నా హెడర్ తన ఎత్తు చెప్పుకునే అవకాశమే పోయింది. అన్నీ సరిగ్గా రాసినా హెడర్ పాత ఎత్తులోనే ఉండిపోతుంటే ఎక్కడ ఏముందో వెతకడానికి 'ఎస్టిమేటెడ్' అన్న మాటతో ప్రాజెక్టు మొత్తం గాలించాను. తెర మొదలయ్యేటప్పుడు నడిచే వ్యూ డిడ్ లోడ్ చివర, ఏ వ్యాఖ్యా లేకుండా, ఒక్క లైను. అది తీసేయగానే అధిక జ్యేష్ఠ మాసం రెండు వరుసలుగా, ఒత్తులన్నిటితో నిండుగా కనిపించింది. ఆ తెర ఫొటో అప్పుడే సిద్ధాంతి గారికి పంపాను.

కన్సోల్‌లో మాత్రం ఇంకా గోల తగ్గలేదు. కన్‌స్ట్రెయింట్లు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, ఒకటి తెంపేస్తున్నాను అని పెద్ద సందేశం. తెర మీద అంతా బాగానే ఉంది కదా అని దీన్ని వదిలేసేవాళ్లు ఉంటారు. వదలకూడదు. ఏది తెంపాలో ఎంచుకునేది సిస్టమ్. ఈ ఫోన్‌లో పనికిరానిది తెంపింది, ఇంకో ఫోన్‌లో మన లేబుల్‌నే తెంపవచ్చు. సందేశం నిదానంగా చదివితే విషయం అందులోనే ఉంది. హెడర్ మొదట పుట్టినప్పుడు దాని వెడల్పు సున్నా. ఆ సున్నా కూడా ఒక కన్‌స్ట్రెయింట్‌గానే వచ్చి చేరింది. మా లేబుల్ ఎడమ అంచు నుంచి 16, బటన్ కుడి అంచు నుంచి 16, మధ్యలో 8 కావాలంటున్నాయి. సున్నాలో ఇవి పట్టవు. క్షణం తర్వాత టేబుల్ అసలు వెడల్పు ఇస్తుంది, అప్పుడు అన్నీ సర్దుకుంటాయి. కానీ ఆ క్షణంలోనే సందేశం పడిపోతుంది. కుడి అంచు కన్‌స్ట్రెయింట్ ప్రాధాన్యం 1000 నుంచి 999కి తగ్గిస్తే చాలు. వెడల్పు లేనప్పుడు అది పట్టు సడలిస్తుంది, వెడల్పు రాగానే పట్టుకుంటుంది. కంటెంట్ వ్యూకి ఆటోరీసైజింగ్ మాస్క్ ఆపేసి దీన్ని సరిచేసే ప్రయత్నం కొన్ని చోట్ల కనిపిస్తుంది. కంటెంట్ వ్యూ టేబుల్ చేతిలోది, దాని మీద చెయ్యి వేస్తే ఇంకో చోట తేడా వస్తుంది.

ఫాంట్ సంగతి త్వరగా తేలింది. సైజు అంకె తీసేసి 'హెడ్‌లైన్' టెక్స్ట్ స్టైల్ పెట్టి, సెట్టింగ్ మారగానే లేబుల్ తానే మారేలా ఐఓఎస్ 10 నుంచి ఉన్న స్విచ్ ఆన్ చేశాను. తెలుగు అక్షరాలు సిస్టమ్ ఫాంట్‌లో ఉండవు, ఐఫోన్ వాటిని కోహినూర్ తెలుగు నుంచి తెచ్చి చూపిస్తుంది. అందుకని డిజైన్‌లో కనిపించిన ఎత్తుని నమ్మకుండా ఫోన్‌లో తెలుగు రాసే కొలిచాను. ఎక్స్‌కోడ్‌లో యాప్ నడుస్తుండగానే అక్షరాల సైజు మార్చి చూసే వీలుంది. ఏ హెడర్‌కైనా ముందు జ్యేష్ఠం పెట్టి, అతి పెద్ద సైజు దాకా జరిపి చూడడం ఇప్పుడు మా టీమ్‌లో అందరికీ అలవాటైంది.

ఇక శ్రావణం నొక్కితే భాద్రపదం మూసుకోవడం. పట్టుకునే దాకా టెన్షన్ పెట్టింది ఇదే, ఎందుకంటే కావాలన్నప్పుడు జరగదు. యాప్ తెరవగానే ఏ నెల నొక్కినా సరిగ్గానే పని చేస్తుంది. ఫాల్గుణం దాకా జరిపి, మళ్లీ పైకి వచ్చి నొక్కితే అప్పుడు తేడా. ఆ 'జరిపితేనే' అన్న మాటలోనే ఆధారం ఉంది. జరిపినప్పుడు తెర దాటిన హెడర్‌ని టేబుల్ పక్కన పెట్టి, కిందినుంచి వచ్చే నెలకు దాన్నే మళ్లీ ఇస్తుంది. కాబట్టి హెడర్‌తో పాటు ఏదో పాతది కూడా వస్తోందన్నమాట.

అనుమానం తీరడానికి బటన్ నొక్కినచోట బ్రేక్‌పాయింట్ పెట్టాను, ఆగకుండా నెల పేరు మాత్రం అచ్చు వేసేలా. కొత్తగా తెరిచి శ్రావణం నొక్కితే కన్సోల్‌లో ఒక్కటే 'శ్రావణం'. కిందికీ పైకీ జరిపి నొక్కితే 'భాద్రపదం', 'కార్తీకం', 'శ్రావణం' వరసగా పడ్డాయి. ఒక్క వేలి దెబ్బకి మూడు నెలలు కదిలాయి. అందులో తెర మీద లేని కార్తీకం కూడా ఉంది, అందుకే అది మూసుకున్న సంగతి ఎవరి కంటా పడలేదు.

కోడ్‌లో చూస్తే కారణం కళ్లెదుటే ఉంది. 'వ్యూ ఫర్ హెడర్ ఇన్ సెక్షన్' అడిగిన ప్రతిసారీ బటన్‌కి ఒక కొత్త యూఐ యాక్షన్ (నొక్కినప్పుడు నడిచే పని) జోడిస్తున్నారు, అందులో ఆ సెక్షన్ నంబర్ పట్టుకుని ఉంది. పూర్వం టార్గెట్, యాక్షన్ పద్ధతిలో అదే టార్గెట్, అదే మెథడ్ ఎన్నిసార్లు జోడించినా ఒకటే లెక్క. ఐఓఎస్ 14 నుంచి బటన్లకు జోడించగలిగిన యూఐ యాక్షన్ అలా కాదు. గుర్తింపు పేరు మనం ఇవ్వకపోతే ప్రతిదానికీ కొత్త గుర్తింపు వస్తుంది, అన్నీ పోగుపడతాయి, నొక్కినప్పుడు అన్నీ పలుకుతాయి. మధ్యలో ఎవరో కోడ్‌ని కొత్త పద్ధతిలోకి మార్చినప్పుడు ఈ తేడా లోపలికి వచ్చింది. కోడ్ చదివితే పాతదీ కొత్తదీ ఒకేలా ఉంటాయి.

యాక్షన్‌ని హెడర్ పుట్టినప్పుడు ఒక్కసారే జోడించేలా మార్చాను. దాంతోనే ఆగితే సగం పనే అయ్యేది. సెక్షన్ నంబర్ కూడా నమ్మదగినది కాదు. మా యాప్‌లో గడిచిన నెలలు దాచే సదుపాయం ఉంది. చైత్రం, వైశాఖం దాచేస్తే తెర మీద ఉన్న హెడర్లు మళ్లీ తయారవవు, టేబుల్ వాటిని పైకి జరుపుతుంది అంతే. హెడర్ దగ్గర మాత్రం పాత నంబరే ఉంటుంది. అందుకని హెడర్‌కి నంబర్ బదులు నెల గుర్తింపు ఇచ్చాను. నొక్కినప్పుడు హెడర్ 'నేను అధిక జ్యేష్ఠాన్ని' అని మాత్రం చెబుతుంది. అది ఆ క్షణంలో ఎన్నో సెక్షనో కంట్రోలర్ అప్పుడే డేటాలో వెతుకుతుంది. అధిక జ్యేష్ఠానికీ నిజ జ్యేష్ఠానికీ వేరు వేరు గుర్తింపులు ఉండాలి, నెల పేరునే గుర్తింపుగా వాడితే ఈ ఏడాది రెండూ కలిసిపోయేవి. హెడర్‌ని మళ్లీ వాడే ముందు పిలిచే 'ప్రిపేర్ ఫర్ రీయూజ్'లో బాణం దిక్కు, రెండు లేబుళ్ల మాటలు, నెల గుర్తింపు అన్నీ తుడిచేశాను.

తెరిచి మూసే యానిమేషన్ కూడా అప్పుడే మార్చాను. పాత కోడ్ 'రీలోడ్ సెక్షన్స్' పిలుస్తోంది. అది హెడర్‌ని కూడా తీసి కొత్తది పెడుతుంది, ఆ మార్పిడిలో హెడర్ ఒక్కసారి తళుక్కుమంటుంది, బాణం తిరిగే యానిమేషన్ మధ్యలోనే తెగిపోతుంది. వరుసలు మాత్రమే చేర్చి, తీసి, తెర మీద ఉన్న హెడర్‌ని 'హెడర్ వ్యూ ఫర్ సెక్షన్'తో అడిగి తెచ్చుకుని దాని బాణం తిప్పాను. సెల్‌ని హెడర్‌గా వాడిన రోజుల్లో ఈ దారి మూసుకుపోయి ఉండేది, ఆ మెథడ్ హెడర్ ఫుటర్ వ్యూ అయితేనే ఇస్తుంది, లేకపోతే ఏమీ ఇవ్వదు. బహుశా అందుకే పాతవాళ్లు రీలోడ్ దారి పట్టి ఉంటారు.

ఇక్కడ ఒక్క మాట, ఇలాంటి పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం. వరుసలు కనిపిస్తూ సొంత హెడర్ అసలే కనపడకపోతే ముందు డెలిగేట్ (టేబుల్ రూపం గురించిన ప్రశ్నలకు జవాబిచ్చే వస్తువు) చూడండి. సెక్షన్‌కి మామూలు పేరు ఇచ్చే మెథడ్ డేటా సోర్స్‌ది (వరుసల డేటా ఇచ్చే వస్తువు), సొంత వ్యూ ఇచ్చే మెథడ్ డెలిగేట్‌ది. డేటా సోర్స్ ఒక్కటే కలిపి డెలిగేట్ మరిచిపోతే వరుసలన్నీ వస్తాయి, హెడర్ మాత్రం రాదు. మెథడ్ పేరులో అక్షరం తేడా ఉన్నా అంతే. అది తప్పనిసరి మెథడ్ కాదు కాబట్టి లేకపోయినా టేబుల్ అడగదు, మౌనంగా ఊరుకుంటుంది. ఆ మెథడ్‌లో ఒక ప్రింట్ పెట్టి, అది పడుతోందో లేదో చూసుకున్నాకే రంగుల జోలికీ ఎత్తుల జోలికీ వెళ్లండి.

అంతా సర్దుకుందనుకుని మళ్లీ సిద్ధాంతి గారికి పంపాం. ఒత్తులు బాగున్నాయన్నారు. ఆయన మిత్రుడొకరికి చూపు బాగా తగ్గిందట, తెర మీద ఉన్నది చదివి వినిపించే వాయిస్ ఓవర్ పెట్టుకుని ఫోన్ వింటారట, ఆయనకూ పంపమన్నారు. విని చూసిన ఆయన చెప్పింది ఏమిటంటే, నెల నుంచి నెలకు దూకడం కుదరడం లేదు, ప్రతి తిథీ వింటూ పోవాల్సి వస్తోంది. సొంతంగా గీసిన హెడర్ శీర్షిక అని వాయిస్ ఓవర్‌కి తెలియదు, మనమే 'హెడర్' ట్రెయిట్ (ఇది ఏ రకం వస్తువో చెప్పే గుర్తు) ఇవ్వాలి. ఇచ్చాను. రెండు లేబుళ్లనూ బటన్‌నూ విడివిడిగా కాక మొత్తం హెడర్‌ని ఒకటిగా చదివేలా చేసి, నెల తెరిచి ఉందో మూసి ఉందో విలువగా చెప్పించాను, రెండుసార్లు తడితే తెరుచుకునేలా కలిపాను. ఇప్పుడు ఆయన రోటర్‌ని (దేని నుంచి దేనికి దూకాలో ఎంచుకునే మీట) శీర్షికల మీద పెట్టుకుని వేలు కిందికి జరిపితే "అధిక జ్యేష్ఠ మాసం, మే 17 నుంచి జూన్ 15, మూసి ఉంది" అని వినిపిస్తుంది, ఇంకోసారి జరిపితే నిజ జ్యేష్ఠం.